సగమత్త కాఫీ తాగిన రోజు

ఆవిడకు పెద్దవాళ్ళు పెట్టిన పేరు ఒకటుండేది గానీ, అది జీతం కాగితాల మీద తప్ప ఎక్కడా పెద్దగా వాడుకలోకి రాలేదు. అందరికీ ఆవిడ సగమత్త. ఎవరు ఏ వస్తువుకు ఎంత చెప్పినా ముందు "సగానికిస్తారా?" అని అడగడం ఆవిడ అలవాటు. అన్నగారి కూతురు నాలుగేళ్ళ వయసులో ఆ మాట విని విని సగమత్త అని పిలవడం మొదలుపెట్టింది. ఆ పేరు ఇల్లు దాటి, వీధి దాటి, ఆవిడ పనిచేసే ఆసుపత్రి దాకా పాకింది. ఆవిడేమీ కోప్పడలేదు. చెప్పిన ధర నోరు మూసుకుని ఇచ్చేసి వచ్చేవాళ్ళకు పెట్టండి పేర్లు, నాకెందుకు సిగ్గు, అనేది.

ఆసుపత్రి స్టోర్సులో ముప్ఫై ఒక్క ఏళ్ళు కొనుగోళ్ళ గుమాస్తాగా చేసింది. దూది, ఫినాయిల్, దుప్పట్లు, రబ్బరు తొడుగులు, చక్రాల కుర్చీలు, ఒకసారి శవాల గదికి పెద్ద ఐసు పెట్టె కూడా, అన్నీ ఆవిడ చేతి మీదుగానే వచ్చాయి. సంతకం పెట్టే అధికారి వేరు. ఆయన ఆవిడ పెన్సిలుతో టిక్కు పెట్టిందో లేదో చూసుకుని, కళ్ళు మూసుకుని సంతకం చేసేవాడు. ఫినాయిల్ అమ్మే ఒకాయన ఒకే ఉదయం మూడుసార్లు మెట్లు దిగి మూడుసార్లు ఎక్కి, చివరికి ఆయాసంతో ఒప్పుకున్నాడని ఆసుపత్రిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు బేరం కుదరలేదనేది. అన్నగారింట్లో పైవాటాలో ఉండేది.

బేరానికి ఆవిడకు కొన్ని పద్ధతులున్నాయి. ఇంటి నుంచి స్టీలు సీసాలో నీళ్ళు తీసుకెళ్తుంది. దుకాణంవాళ్ళిచ్చే కాఫీ కాదు కదా, మంచినీళ్ళు కూడా ముట్టదు. తాగితే మొహమాటం పుడుతుందని, ఆ మొహమాటం ఖరీదు కొనేవాళ్ళే కట్టుకోవాలని ఆవిడ లెక్క. మెత్తటి కుర్చీలో కూర్చోదు. కావలసిన వస్తువు ధర ముందు అడగదు, దాని పక్కదాని ధర అడుగుతుంది. బేరం తెగకపోతే లేచి తలుపు వైపు నడుస్తుంది. అందుకోసం గట్టి అడుగున్న నల్ల చెప్పులు ఒక జత ఉన్నాయి. వెళ్ళిపోతున్నామని అమ్మేవాడికి చెవులారా వినబడాలి కదా అనేది.

ఉద్యోగం అయిపోయాక మొదటి ఏడాది ఆవిడకు తీరిక లేదు. మంచం కొనాలన్నా, కుట్టుమిషను కొనాలన్నా చుట్టాలూ పాత సహోద్యోగులూ వచ్చి వెంటబెట్టుకెళ్ళేవాళ్ళు. తర్వాత ఫోనులో చూసి కొనడం పెరిగింది. అక్కడ ధర ముందే రాసి ఉంటుంది, ఫోనును సగానికిస్తావా అని అడిగితే పలకదు. పిలుపులు తగ్గాయి. పదకొండు నెలల క్రితం ఇంటికి నీళ్ళ మోటారు కావలసి వచ్చి, మేనకోడలిని తోడు తీసుకుని ఒక దుకాణానికి వెళ్ళింది. ధర చెప్పగానే సగానికి అడిగింది. దుకాణదారు కోప్పడనూ లేదు, నవ్వనూ లేదు. "ఫోనులో కొనుక్కోండమ్మా," అని చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు. ఆవిడ లేచి టకటకమని తలుపు దాకా నడిచింది. ఎవరూ పిలవలేదు. ఇద్దరూ మోటారు లేకుండానే ఇంటికొచ్చారు. దారిలో మేనకోడలు ఏమీ అనలేదు. అనకపోవడమే ఆవిడకు ముల్లులా గుచ్చుకుంది. ఆ తర్వాత ఎవరూ పిలవలేదు, పిలవమని ఆవిడా అడగలేదు. తన పని ఇక ఎవరికీ అక్కర్లేదేమో అన్న భయం మాత్రం మనసులో అలాగే కూర్చుంది.

అందుకే, కారు కొందామనుకుంటున్నాను, ఆదివారం నువ్వు రావాలి అత్తా అని మేనకోడలు అన్నప్పుడు ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. మేనకోడలు ఫిజియోథెరపిస్టు. కాళ్ళూ చేతులూ పట్టు తప్పిన రోగుల ఇళ్ళకు వెళ్ళి వ్యాయామం చేయిస్తుంది. కరెంటు పెట్టే యంత్రాన్నీ, మడత నడక బండినీ స్కూటరు మీద మోసి మోసి, రోగులకు నయమవుతుంటే తన నడుం పోతోంది. వయసు ముప్ఫై రెండు. కారు ఆమెకు సరదా కాదు.

"ఆదివారం నాకు పనుంది," అంది సగమత్త. కాసేపాగి, "ఎన్నింటికి?" అని అడిగింది.

"పదింటికి. బేరం మొత్తం నువ్వే చెయ్యాలి. నేను నోరు తెరవను."

"తెరవకు. నువ్వు తెరిస్తే వాళ్ళకు పండగే," అంది ఆవిడ. శనివారం సీసా రెండుసార్లు కడిగింది. నల్ల చెప్పులకు పాలిష్ వేసింది. వదినగారు చూసి నవ్వుకుంది.

షోరూము చుట్టూ అద్దాలే. లోపల చల్లగా ఉంది, కొత్త రబ్బరు వాసన వేస్తోంది. నేల ఎంత నున్నగా ఉందంటే, చెప్పుల చప్పుడు ఆ చివరి దాకా వినిపించింది. ఇది మంచి చోటే అనుకుంది సగమత్త. అమ్మకాలు చూసే ఆయన ఎదురొచ్చాడు. నలభై దాటిన మనిషి, కళ్ళజోడు నెత్తిమీదికి నెట్టుకుని ఉన్నాడు. రండమ్మా, కూర్చోండి, కాఫీ తాగుతారా అన్నాడు.

"నీళ్ళు తెచ్చుకున్నాను," అని సీసా బల్ల మీద పెట్టి, సోఫా వదిలేసి ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుంది. పక్కనున్న పెద్ద కారు ధర అడిగింది. ఆయన చెప్పాడు. చక్రాలు చిన్నవిగా ఉన్నాయంది. తర్వాత, ఏదో పోనీలే అన్నట్టు, అసలు కావలసిన తెల్ల కారు వైపు గడ్డం ఎత్తి చూపించింది.

"అదా అమ్మా? అన్నీ కలిపి ఏడు లక్షల ఎనిమిది వేలు."

"సగానికిస్తారా?"

ఈ మాట వినగానే అమ్మేవాళ్ళ మొహాల్లో ఏదో ఒకటి జరగాలి. కొందరు నవ్వుతారు, కొందరు కళ్ళు తేలేస్తారు, మోటారు దుకాణం ఆయనలా మొహం తిప్పేసుకునేవాళ్ళూ ఉంటారు. ఈయన మొహంలో మాత్రం ఏమీ జరగలేదు. ఎదురుచూస్తున్న బస్సు వచ్చినట్టు తల ఊపాడు. "అలా అంటే ఎలాగమ్మా? మీ కోసం పది వేలు తగ్గిస్తాను," అన్నాడు.

ఆవిడకు లోపల ఉత్సాహం పొంగింది. పదకొండు నెలల తర్వాత ఒక మనిషి తన మాటకు తగ్గాడు. "పక్క ఊరి షోరూములో ఇంకా తక్కువట," అంది. నిజానికి పక్క ఊరిలో షోరూము ఉందో లేదో కూడా ఆవిడకు తెలియదు. ఆయన ఇంకో పది వేలు తగ్గించాడు. పోయినేడాది తయారైన బండిలా ఉందంది. ఆయన కాదనలేదు, కాగితం చూడలేదు, మేనేజరు గది వైపు తల కూడా తిప్పలేదు. మరో పది.

అక్కడ ఆవిడకు ఏదో తేడాగా అనిపించింది. అమ్మేవాడు నిజంగా తగ్గేటప్పుడు మొదట పెద్ద మొత్తం వదులుతాడు. తర్వాత చెయ్యి బిగుస్తుంది. రెండోది మొదటిదాంట్లో సగం, మూడోది ఇంకా చిన్నది. చివరికి వందల దగ్గర పీకులాడతాడు. నూనె డబ్బాలోంచి చివరి చుక్కలు రాల్చినట్టుంటుంది ఆ తంతు. ఈయన పదీ, పదీ, పదీ అంటూ హాయిగా దిగుతున్నాడు. ఏళ్ళ తరబడి ఎంతోమంది చేత ధర తగ్గింపజేసిన ఆవిడ, ఇలా తగ్గిన మనిషిని చూడలేదు.

సరే, చూద్దాం అనుకుంది. "తెల్ల రంగు. మట్టి కనబడుతుంది. రోజూ కడగాలి. ఆ చాకిరీ ఎవరు చేస్తారు?"

పనితనం ఉన్న అమ్మకందారు ఎవడైనా, అయితే బూడిద రంగుది తీసుకోండి అంటాడు. ఈయన, "నిజమేనమ్మా, పది వేలు తగ్గిస్తాను," అన్నాడు.

"మీ షోరూముకు మెట్లు ఎక్కువ. నా మోకాళ్ళు పట్టేశాయి."

"అయ్యో. ఇంకో పది వేలు తగ్గించానమ్మా."

మోకాళ్ళ నొప్పికి కారు ధర తగ్గడం లోకంలో ఎక్కడా లేదు. ఆవిడ మేనకోడలి వైపు చూసింది. ఆ అమ్మాయి తల వంచుకుని గోళ్ళు చూసుకుంటోంది. సగమత్త ఇంకేదో సాకు చెప్పింది, ఏం చెప్పిందో ఆవిడకే గుర్తు లేదు. ఆయన ఆరోసారి పది తగ్గించి, ఆరు లక్షల నలభై ఎనిమిది వేల దగ్గర ఆగాడు. అక్కడ మాత్రం మొహం మారింది. నెత్తిమీది కళ్ళజోడు దించి పెట్టుకున్నాడు. "ఇక కుదరదమ్మా. నిజంగా కుదరదు," అన్నాడు.

ఉదయం నుంచి ఆయన అన్న మొదటి నిజం అదేనని ఆవిడకు అర్థమైంది. అయినా లేచి తలుపు వైపు నడిచింది. చెప్పులు టకటకమన్నాయి. ఆయన పిలవలేదు. ఆవిడ వైపు కాదు, మేనకోడలి వైపు చూశాడు. పిలిచింది మేనకోడలే. "అత్తా, చాలులే. ఇంక ఒప్పేసుకుందాం," అంది. ఎన్నోసార్లు ఎన్నో దుకాణాల నుంచి లేచి నడిచింది సగమత్త. వెనక్కి పిలిచిన ప్రతిసారీ అది అమ్మేవాడి గొంతే. ఈసారి తన మనిషే పిలిచింది.

తలుపు పక్కనే ఆ తెల్ల కారు ఉంది. ఆవిడ దాని వెనక నిలబడి, "బాబూ, ఇలా రండి. డిక్కీ తీసి చూపించండి," అంది. ఆయన వచ్చి తీశాడు. లేచిన డిక్కీ తలుపు చాటున ఇద్దరూ ఖాళీ డిక్కీలోకి చూస్తూ నిలబడ్డారు.

"ఆరు నలభై ఎనిమిది ఎప్పుడు తేలింది?"

"తేలడమేంటమ్మా, ఇప్పుడే కదా మీరు…"

"బాబూ, ఇది నా వృత్తి. మీరు కార్లు బాగా అమ్ముతారేమో గానీ నాటకం మీ వల్ల కాదు. నేనేమీ గొడవ చెయ్యనులెండి. చెప్పండి."

ఆయన బల్ల వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "మొన్న గురువారమమ్మా. అడ్వాన్సు కూడా కట్టేశారు. మా అత్తను తీసుకొస్తాను, ఏడు ఎనిమిది నుంచి మొదలుపెట్టి మెల్లగా రండి, ఒక్కసారే దిగిపోకండి అన్నారు. నేను మెల్లగానే వచ్చాను కదా."

సగమత్తకు ముందు సిగ్గేసింది. మొదట్లో తను గెలుస్తున్నాననుకుని లోపల పొంగిపోయిన మాట ఈ మనిషికి తెలుసు. తర్వాత కోపం వచ్చింది. చిన్నపిల్ల చేతిలో పగిలిపోని గిన్నె పెట్టి ఆడుకోమన్నట్టు తన చేతిలో ఈ బేరం పెట్టారు. అక్కడికక్కడే సీసా తీసుకుని వెళ్ళిపోదామా అనుకుంది. కానీ పాత అలవాటు ఎక్కడికి పోతుంది, నోట్లోంచి ప్రశ్న దానంతటదే వచ్చింది.

"అసలు బేరంలో మీరెలా దిగారు?"

"అబ్బో, మూడు వారాలు తల ప్రాణం తోకకొచ్చిందమ్మా. మొదటిసారి వచ్చినప్పుడు మీ అమ్మాయి ఆ పెద్ద కారు ధర అడిగింది. అది కొంటుందేమోనని అరగంట దాని గురించే చెప్పాను. కాఫీ ఇస్తే వద్దంది, సీసా తెచ్చుకుంది. కూర్చోమంటే కూర్చోదు. ఆ రోజు ముప్ఫై తగ్గించాను. రెండోసారి ఇంకో రెండు షోరూముల కాగితాలు పట్టుకొచ్చింది, పదిహేను దిగాను. తర్వాత తలుపు దాకా వెళ్ళిపోతే నేనే పరిగెత్తుకెళ్ళి పిలిచి, మేనేజరును అడిగి ఎనిమిది తగ్గించాను. ఇంకోసారి ఫోనులో అయిదు."

ముప్ఫై, పదిహేను, ఎనిమిది, అయిదు. సగమత్త ఆ అంకెలను మనసులో మళ్ళీ అనుకుంది. అది బేరం. ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

"యాభై ఎనిమిదే అయింది. మిగతా రెండు?"

ఆయన తల గోక్కున్నాడు. "అదేనమ్మా నాకూ అర్థం కాలేదు. గురువారం వచ్చి నా బల్ల ముందు నిలబడింది. ఏమీ అడగలేదు. పావుగంట, ఒక్క మాట లేదు. ఎదురుగా మనిషి నిలబడి ఉంటే ఎంతసేపని ఊరుకుంటాం? నేనే రెండు వేలు తగ్గిస్తానన్నాను. సరే అని సంతకం పెట్టేసింది."

ఆవిడ డిక్కీలోకే చూస్తూ ఉండిపోయింది. తనైతే అయిదు దగ్గర ఆగిపోయేది. నోరు మూసుకుని పావుగంట నిలబడటం తన జన్మలో జరిగేది కాదు. మిగతాదంతా ఆ పిల్ల తన దగ్గర చూసి నేర్చుకుంది. ఆ చివరి రెండు వేలు మాత్రం సొంతంగా సంపాదించింది. కోపం ఇంకా పోలేదు గానీ, దాని పక్కనే సంతోషం కూడా వచ్చి నిలబడింది. రెండూ ఒకదాన్నొకటి తోసుకోకుండా అలాగే ఉన్నాయి.

తిరిగొచ్చి ప్లాస్టిక్ కుర్చీ పక్కకు జరిపి సోఫాలో కూర్చుంది. మేనకోడలు ఇంకా నాటకంలోనే ఉంది. "ఏమంటావత్తా? ఇంకో పది అడుగుదామా?" అంది.

సగమత్త అమ్మకందారు వైపు తిరిగింది. "బాబూ, ఒక కాఫీ తెప్పించండి. చక్కెర వేసి."

ఆయన లేచి తనే వెళ్ళాడు. మేనకోడలు అత్తను చూసింది, మూత తీయని సీసాను చూసింది, మళ్ళీ అత్తను చూసింది. మొహంలో రంగు దిగిపోయింది. కాఫీ వచ్చింది. సగమత్త దాన్ని ఊదుకుంటూ, కప్పు అడుగు కనబడేదాకా తాగింది. చెప్పుకోదగ్గ కాఫీ ఏమీ కాదు.

స్కూటరు మీద సగం దూరం వచ్చాక మేనకోడలు ఒక మందుల దుకాణం పక్కన బండి ఆపింది. దిగకుండా, వెనక్కి తిరగకుండా అడిగింది.

"ఎక్కడ తెలిసిపోయింది?"

"పది, పది, పది. ధర మెట్లు దిగినట్టు దిగుతుందా ఎక్కడైనా? ఆ మాత్రం నేర్పకుండా నాటకంలోకి దింపావు ఆయన్ని."

"నిన్ను బాధపెట్టకూడదనే చేశానత్తా."

"పెట్టావు."

"నిజం చెప్పనా? మోటారు దుకాణంలో జరిగింది చూశాక, నువ్వొస్తే ఈ బేరం చెడిపోతుందేమోనని భయమేసింది. నువ్వు రాకుండా కొంటే నువ్వేమైపోతావోనని ఇంకా భయమేసింది. నాకింకేం తోచలేదు."

మొదటి భయం సగమత్తకు చురుక్కుమంది. అయినా అందులో అబద్ధం లేదు. ఉదయం నుంచి విన్న ధరలన్నింటికంటే అది నికరమైన మాట.

"ఆ పావుగంట ఏం ఆలోచించావు, అక్కడ నిలబడి?"

"ఏమీ లేదు. నడుం పట్టేసి కదల్లేకపోయాను. మాట్లాడితే ఏడుపొస్తుందని మాట్లాడలేదు. ఆయనే తగ్గించాడు."

సగమత్త వెనక సీటు మీద ఊగిపోతూ నవ్వింది. మందుల దుకాణం ఆయన బయటికొచ్చి చూశాడు. "ఈ సంగతి ఇంకెవరికీ చెప్పకు. పావుగంట మౌనం నీ పద్ధతి అని చెప్పు," అంది.

కారు వారానికి ఇంటికొచ్చింది. సగమత్త దాని గురించి పెద్దగా మాట్లాడలేదు. వదినగారు, ఎంతకు తెగ్గొట్టావని అడిగితే, "నేను కాదు, అదే," అని ఊరుకుంది. ఆ వారమంతా ఆవిడ కొంచెం ముభావంగానే ఉంది. పైవాటా నుంచి కిందికి తక్కువ దిగింది. మేనకోడలు రెండుసార్లు పైకి వెళ్ళి, కాసేపు కూర్చుని వచ్చింది.

మరో పదిరోజులకు, ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే విభాగానికి పెద్దగా చేసి మానేసిన ఆయన ఫోను చేశాడు. సొంతంగా లాండ్రీ పెట్టుకుంటున్నాడట, వ్యాను కొనాలట. "సగమత్తా, రేపు పొద్దున్న షోరూముకి వస్తారా? మీరు లేకపోతే వాళ్ళు నన్ను నిలువునా ముంచేస్తారు," అన్నాడు.

ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన పిలుపు అది. సగమత్త కిటికీలోంచి కిందికి చూసింది. మేనకోడలు కారు డిక్కీలో నడక బండి సర్దుతోంది. ఈమధ్య వంగినప్పుడు నడుం మీద చెయ్యి వేసుకోవడం లేదు.

"మా మేనకోడలు చేస్తుంది మీ బేరం," అంది ఫోనులో. "నాకంటే రెండు వేలు ఎక్కువ తగ్గిస్తుంది."

తర్వాత కిటికీలోంచి ఆ మాటే కిందికి చెప్పింది. మేనకోడలు తలెత్తింది. "నేనా? నువ్వు రావా?"

"వస్తాను. నీళ్ళ సీసా పట్టుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా."

మర్నాడు పొద్దున్న ఆవిడ సీసా నింపింది. గుమ్మం దగ్గర నల్ల చెప్పుల్లో కాళ్ళు పెట్టి, ఒక క్షణం ఆగి, వాటిని విడిచి గోడవారగా పెట్టింది. చప్పుడు చేయని మెత్తటి చెప్పులు వేసుకుని కిందికి దిగింది.